కల్హాత్‌లో గంటా ముప్పావు

ఒమన్‌లో కల్హాత్ అనే పాత రేవుపట్నం శిథిలాలున్నాయట కదా, మస్కట్ వెళ్ళినప్పుడు చూసి రావాలనుంది, ఎలా వెళ్ళాలో చెప్పండి అని ఈమధ్య ముగ్గురు నలుగురు రాశారు. చెబుతాను. తొంభైల మధ్యలో ఒక ఫిబ్రవరి గురువారం నేను వెళ్ళిన దారి, పట్టిన టైము, అయిన ఖర్చు అన్నీ చెబుతాను. సముద్రం ఎంత నీలంగా ఉందో, కొండల మీద ఎండ ఎంత అందంగా పడిందో వర్ణించమంటే మాత్రం నావల్ల కాదు. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే రాస్తున్నాను, సర్దుకుని చదవండి.

మాది నెల్లూరు. అప్పట్లో మస్కట్ శివార్లలో ఒక ఇండియన్ స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. మబేలాలో అద్దెకుండేవాణ్ణి. పై తరగతులకు పాండ్యుల వారసత్వ తగాదా గురించి నాలుగంటే నాలుగు వాక్యాల పాఠం ఉండేది. రాజుగారికి ఇద్దరు కొడుకులు. పట్టపురాణి కొడుకు సుందర పాండ్యుణ్ణి కాదని, ఇంకొకామెకు పుట్టిన వీర పాండ్యుడికి రాజ్యం ఇస్తానన్నాడు తండ్రి. సుందర పాండ్యుడు తండ్రిని చంపాడంటారు. అన్నదమ్ములు మధుర కోసం తన్నుకుంటుంటే సందు దొరికిందని ద్వారసముద్రం నుంచి హొయసలులు బయల్దేరారు. ఢిల్లీ సైన్యం దిగింది. పడమటి నుంచి కేరళ రాజు వచ్చి కంచి దాకా పాకాడు. అతన్ని తరమడానికి ఓరుగల్లు నుంచి మన కాకతీయుల సేన వెళ్ళింది. ఎవరికివారు ఏదో ఒక తమ్ముడికో అన్నకో సాయం చేస్తున్నామనే చెప్పుకున్నారు.

ఈ మహానుభావులందరికీ గుర్రాలు కావాలి. గుర్రాలు ఓడల్లో ఈ అరబ్బు తీరం నుంచి వెళ్ళాలి. ఆ ఓడలు కదిలిన రేవుల్లో కల్హాత్ ఒకటి. ఆ కాలంలో మన దేశం చూసిపోయిన పరదేశులు రాసిన సంగతులు ఒక పుస్తకంలో చదివాను. పాండ్యులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొనేవారట. దారిలో ఓడలో చచ్చినదానికీ ధర కట్టేవారట. బతికి దిగినవాటిలో చాలా భాగం ఏడాది తిరిగేసరికి చచ్చేవట, ఎందుకంటే వాటిని చూసుకోవడం తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేడు. తెలిసినవాళ్ళను అరబ్బు వర్తకులు కావాలనే పంపేవారు కాదట, చస్తేనే కదా మళ్ళీ బేరం. అది చదివిన పూట నాకు అన్నం సయించలేదు. అన్న గెలిచాడా తమ్ముడు గెలిచాడా అని పేజీలు నింపిన చరిత్రకారులెవరూ ఆ గుర్రాల సంగతి ఇంకొక్క వాక్యం ఎందుకు రాయలేదని కోపం వచ్చింది. ఆ కల్హాత్‌ను కళ్ళారా చూడాలని అప్పుడే పట్టుకుంది నాకు.

ఆ రోజుల్లోనే మస్తాన్ వలీ నా దగ్గరికొచ్చాడు. కడప మనిషి, యాభై దాటినవాడు. తాత, తండ్రి, తను, మూడు తరాలు జట్కా తోలారు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక గల్ఫ్‌కొచ్చి, సీబ్ వైపు ఒక పెద్ద అరబ్బాయన గుర్రపుశాలలో పదకొండేళ్ళుగా గుర్రాల బాగోగులు చూసే సాయీసుగా ఉన్నాడు. మబేలాలో తెలుగువాళ్ళకు కాగితం ఏది కావాలన్నా నేనే రాసిపెట్టేవాణ్ణి కాబట్టి అతనూ కాగితం కోసమే వచ్చాడు. పెద్దాయన ఆరు నెలల కింద పోయాడు. ఇద్దరు భార్యలు, ఇద్దరు కొడుకులు. అన్న హమద్ సీబ్‌లో ఉంటాడు. తమ్ముడు నాసర్, అతని మేనమామలు తూర్పు తీరాన సూర్ అనే ఊళ్ళో ఉంటారు. ఆస్తి అంతా ఒప్పందంగానే పంచుకున్నారు గానీ, రీమ్ అనే ఒక్క ఆడగుర్రం దగ్గర తగాదా వచ్చింది. నాన్న దాన్ని నాకిస్తానన్నాడని తమ్ముడు, ఆ మాట ఎవరు విన్నారని అన్న. తమ్ముడి వెనక మేనమామలు చేరారు, అన్న వెనక మామగారు చేరాడు. చివరికి ఒకరోజు నాసర్ మేనమామల బండితో వచ్చి రీమ్‌ను సూర్‌కు తీసుకుపోయాడు. రీమ్ అప్పటికి చూడిది.

ఇక్కడ మస్తాన్ ఒక పని చేశాడు. రీమ్‌ను తనే నడిపించుకుంటూ వెళ్ళి బండెక్కించాడు, ఎక్కించాక దాని తలకున్న పలుపు విప్పి తన దగ్గర పెట్టుకున్నాడు.

"ఎందుకయ్యా విప్పావు?" అని అడిగాను.

"మా కడప సంతలో ఎద్దునమ్మినా, గుర్రాన్నమ్మినా పలుపు ఇయ్యరు సార్. కొన్నోడు కొత్తది తెచ్చుకోవాల. పాత పలుపు ఇంట్లో ఉంటేనే ఆ కొట్టంలోకి మళ్ళా పశువొస్తాదని మా నాయన జెప్తాన్యాడు. చెయ్యి అలవాటుగా పోయింది సార్, మనసులో ఏం ల్యా."

ఆ పలుపుకు చచ్చిపోయిన పెద్దాయన పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉంది. దాంతో తమ్ముడు, "వీడు మా అన్న మనిషి, నాన్న పేరున్న బిళ్ళను వాడికోసం దాచిపెట్టాడు, నా గడప తొక్కనివ్వను" అన్నాడు. అన్నేమో, "వీడు చేతులారా గుర్రాన్ని బండెక్కించాడు, తమ్ముడి మనిషి" అన్నాడు. బిళ్ళ ఎవరికిద్దామన్నా రెండోవాడు మండిపడేలా ఉంది. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టుంది మస్తాన్ పరిస్థితి. కానీ అతను నా దగ్గరికొచ్చింది తన కోసం కాదు.

"రీమ్‌కు పోయిన కాన్పులో పిల్ల ఒక ముంగాలు ఎనక్కి మడుసుకోన్యాది సార్. చెయ్యి బెట్టి కాలు సాపు జేసి లాగినా. ఈ తూరీ అట్లనే అయితాదని నాకు తోస్తాండాది. అర్ధగంట దాటితే పిల్ల దక్కదు. ఈనే పొద్దుకు నేను ఆడ ఉండాల. అంతే, ఇంకేమొద్దు. ఇద్దురికీ ఒక కాగితం రాసి పెట్టు సార్."

రాసిపెట్టాను. రాయడమే కాదు, నేనే హమద్ ఇంటికి వెళ్ళి అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఖర్జూరాలు తిని, కావా అనే అరబ్బు కాఫీ మూడు కప్పులు తాగి, వచ్చిన హిందీలో గంటసేపు నచ్చజెప్పాను. నిజం చెప్పొద్దూ, హమద్ మర్యాదస్తుడు. గుర్రానికి తమ తగాదాతో పనేమిటని తనే అన్నాడు. మస్తాన్ వారం రోజులు సూర్‌లో ఉండటానికి కాగితం మీద సంతకం పెట్టాడు, అతని ఎదుటే తమ్ముడికి ఫోను చేశాడు. మూడు నెలల తరువాత అన్నదమ్ములు మాట్లాడుకోవడం అదే మొదటిసారి. "రమ్మను, పలుపు కూడా తెమ్మను, బిళ్ళ గుర్రం మీదే ఉండాలి" అన్నాడట తమ్ముడు. బయటికొచ్చాక మస్తాన్ నా చేతులు పట్టుకున్నాడు. నేను చాలా గొప్పగా ఫీలయ్యాను. రెండు రాజ్యాల మధ్య సంధి కుదిర్చినవాణ్ణి కదా మరి.

బుధవారం సాయంత్రం సూర్‌లో నాసర్ వాళ్ళ గుర్రపుశాల నుంచి ఫోనొచ్చింది. అక్కడ వంట చేసే కోయ అనే మలయాళీ, గుర్రాలకు దాణా కూడా అతనే పెడతాడు, రీమ్ పొదుగు చివర్లకు మైనంలా ఏదో పూసిందని చెప్పాడు. దానర్థం ఒకటి రెండు రోజుల్లో ఈనుతుందని. మస్తాన్ అప్పుడే బయల్దేరతానన్నాడు, నేనే ఆపాను. మర్నాడు గురువారం, అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. మస్కట్‌లోని రూవీలో ఏడున్నరకు సూర్ బస్సుంది. బిద్‌బిద్, ఇబ్రా, అల్ కామిల్ మీదుగా లోపలి తారు రోడ్డు. టికెట్టు మూడు రియాళ్ళ చిల్లర. పన్నెండున్నరకల్లా సూర్‌లో దిగొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ నేనన్న మాట ఇది: "కురియాత్ మీదుగా సముద్రం ఒడ్డున ఇంకో దారుంది మస్తాన్ భాయ్, అది దగ్గర. బండి నేను మాట్లాడతాను, బాడుగ నాది."

కిలోమీటర్లలో దగ్గరే. మ్యాపు మీద స్కేలు పెట్టి చూస్తే సగం. కానీ కురియాత్ దాటాక అది రోడ్డు కాదు, రాళ్ళు పరిచిన బాట. ఆ బాట పక్కన కల్హాత్ ఉంది. అందుకే అన్నానా మాట. గుర్రాలు రాత్రిపూటే ఈనుతాయని మస్తానే ఒకసారి చెప్పాడు కాబట్టి, సాయంత్రానికి చేరితే చాలులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఉదయం ఐదున్నరకు మబేలాలో బయల్దేరాం. రూవీ దాకా చిన్న బస్సు, అక్కణ్ణుంచి షేర్ టాక్సీ మనిషికి రియాలున్నర. కురియాత్ చేరేసరికి ఎనిమిది. అంతవరకు తారు రోడ్డు, కొండల మధ్య మలుపులు, వాంతులు అలవాటున్నవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. చేపల మార్కెట్ పక్కన ల్యాండ్ క్రూజర్లు నిలబడి ఉంటాయి. సాలిం అనే బలూచీ డ్రైవరు ముప్పై ఐదు అడిగి ఇరవై ఐదుకు ఒప్పుకున్నాడు. కల్హాత్‌లో ఆపాలని చెప్పాను. అతను టైరు తన్ని చూస్తూ హిందీలో అన్నాడు:

"దోస్త్, సూర్‌లో అర్జంటు పనుందంటున్నావు. లోపలి రోడ్డు వదిలి ఇటెందుకొచ్చావు? ఇది రాళ్ళ దారి, సాయంత్రం అయిపోతుంది."

మస్తాన్ అప్పుడు నీళ్ళ సీసాలు కొంటున్నాడు. "కల్హాత్ చూడాలి భాయ్" అన్నాను గొంతు తగ్గించి. సాలిం నన్నొకసారి ఎగాదిగా చూసి రెండో టైరు దగ్గరికి వెళ్ళాడు. నేను హోటల్లో కూర్చుని పరోటా, టీ తాపీగా కానిచ్చాను, రెండు వందల బైజాలు (రియాలుకు వెయ్యి బైజాలు). తొమ్మిదికి బండి కదిలింది.

దిబాబ్ చేరేసరికి పదీ పావు. అక్కడ నేల కుంగి ఏర్పడిన పెద్ద గుంట ఉంది, అడుగున పచ్చటి నీళ్ళు. ఐదు నిమిషాలు దిగి చూశాను. మస్తాన్ బండి దిగలేదు. ఒళ్ళో గుడ్డ సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అందులో పలుపు, గోరంత మిగలకుండా గోళ్ళు తీసుకున్న కత్తెర, కొత్త సబ్బు, ఒక నూనె సీసా. ఫిన్స్ దగ్గర పంక్చరైంది, నలభై నిమిషాలు పోయింది. సాలిం టైరు మారుస్తుంటే మస్తాన్ జాకీ పట్టాడు. నేను తెల్లటి ఇసుక బీచ్‌కు రెండు ఫొటోలు తీశాను. తీవీ చేరేసరికి ఒంటిగంట. అక్కడ ఒక మలయాళీ హోటల్లో చేపలకూర, అన్నం ఏడు వందల బైజాలు, కారం మనకు సరిపోతుంది. మస్తాన్ ముద్ద ముట్టలేదు.

"తిను మస్తాన్ భాయ్, రాత్రంతా మేలుకోవాలి కదా నువ్వు."

"ఆకలి ల్యా సార్. ఇంగెంత దూరముంటాది?"

"ఎంతో లేదు, వచ్చేశాం."

వచ్చేశామన్న మాట ఆ రోజు ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

కల్హాత్ రెండుంబావుకొచ్చింది. బండి వాగు దగ్గర ఆగుతుంది, అక్కడో చిన్న పల్లె. శిథిలాలు పైన, ఒక మెట్ట మీద. రాళ్ళ మీద పావుగంట ఎక్కాలి, బూట్లు తప్పనిసరి. పైన నిలబడి ఉన్నది ఒక్కటే కట్టడం, బీబీ మరియం అనే ఆమె సమాధి. చతురస్రంగా, పగడపురాళ్ళతో కట్టింది, గుమ్మటం సగం కూలింది. పక్కన వంపు కప్పుతో ఒక నీటితొట్టి. మిగిలిందంతా రాళ్ళ గుట్టలు, కాలు పెట్టిన చోటల్లా పెంకుల ముక్కలు, కింద ఖాళీ సముద్రం. టికెట్టు లేదు, కాపలా లేదు, నీడ లేదు. ఒకప్పుడు ఓడలు బారులు తీరిన రేవు అంటే నమ్మబుద్ధి కాదు.

మస్తాన్ బండిలోనే ఉంటానన్నాడు. నేనే బలవంతం చేసి పైకి తీసుకెళ్ళాను. గుర్రాలు తెలిసిన మనిషితో గుర్రాల రేవు చూడటమంటే మామూలు అదృష్టమా? సమాధి నీడలో కూర్చోబెట్టి కథంతా చెప్పాను. సుందర పాండ్యుడు, వీర పాండ్యుడు, హొయసలులు, కాకతీయులు, ఒక్కర్నీ వదల్లేదు. మధ్యలో ఒకసారి, "పోదామా సార్?" అన్నాడు. "ఇదొక్కటి విను" అని గుర్రాల దగ్గరికొచ్చాను. మన రాజుల శాలల్లో వాటికి అన్నం వండి పెట్టేవారట, మాంసం కూడా కలిపేవారట అని చెప్పాను. అప్పటిదాకా సముద్రంకేసి చూస్తున్న మస్తాన్ తల తిప్పాడు.

"గుర్రానికి అన్నమా? కడుపుబ్బి సస్తాది. ఆ మాట జెప్పే సాయీసు ఒక్కడూ ల్యాకపాయనా?"

"పంపలేదట. కావాలనే."

మస్తాన్ మొహం ఎర్రబడింది. అతనికి కోపం రావడం నేను మొదటిసారి చూశాను. "సాయీసు ల్యాకుండా గుర్రాన్ని పంపినోడు గుర్రాన్ని అమ్మలేదు సార్, పీనుగనమ్మినాడు. కొన్నోడు పీనుగమీదెక్కి రాజ్యమేలదామనుకున్యాడు. ఇద్దురూ ఇద్దురే, ఎదవ నాకొడుకులు." అని లేచి నిలబడ్డాడు. "పోదాం పా సార్."

నేను లేవలేదు. జేబులోంచి నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాను. మర్చిపోతానేమోనని రెండుసార్లు చదువుకున్నాను కూడా. తరువాత గోడ చుట్టూ తిరిగాను, నీటితొట్టి లోపలికి దిగాను, ఫిల్ము అయిపోయేదాకా ఫొటోలు తీశాను. మూడోసారి "పోదామా" అన్నప్పుడు అతని గొంతులో విసుగు లేదు, బతిమాలుతున్నాడు. కింద సాలిం హారన్ కొడుతూనే ఉన్నాడు. బండెక్కేసరికి నాలుగు. అంటే కల్హాత్‌లో నేను గడిపింది గంటా ముప్పావు.

సూర్ ఊరి బయట ఖర్జూరపు తోట వెనక ఉంది గుర్రపుశాల. ఐదుకు పది నిమిషాల ముందు చేరాం. గేటు తీసి ఉంది. కోయ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ నిండా, మోచేతుల దాకా రక్తం ఎండిపోయి ఉంది. మస్తాన్‌ను చూసి లేచి, హిందీలో ఒక్కటే మాట అన్నాడు: "ఇప్పుడొచ్చావా చాచా?"

రీమ్‌కు రెండున్నరకు నొప్పులు మొదలయ్యాయి. ఒక కాలు, ముక్కు బయటికొచ్చాయి, రెండో కాలు రాలేదు. పశువుల డాక్టరు సెలవు రోజని ఊళ్ళో లేడు. నాసర్, పనివాళ్ళిద్దరు, కోయ కలిసి తాడు కట్టి లాగారు. మూడున్నరకు పిల్ల బయటపడింది, ఊపిరి లేదు. "నేను వంటవాణ్ణి చాచా" అంటూ కోయ చేతులు చూపించాడు. పిల్లను గోనె మీద పెట్టారు. నల్లటిది, నుదుటి మీద తెల్లటి చుక్క. ఎడమ ముంగాలు ఇంకా మోకాలి దగ్గర మడిచే ఉంది. మస్తాన్ దాని పక్కన కూర్చుని ఆ కాలు పట్టుకుని నెమ్మదిగా సాపు చేశాడు. ఏ మాత్రం కష్టం లేకుండా సాపు అయింది.

అతను ఏడవలేదు. చేతులు కడుక్కుని రీమ్ దగ్గరికెళ్ళాడు. చీకటి పడేదాకా దాన్ని కడిగి, మాయ మొత్తం పడిందో లేదో చూసి, ఉప్పు బెల్లం కలిపిన గోరువెచ్చటి నీళ్ళు తాగించి, లేపి, సంచిలోని పలుపు తలకు కట్టి నాలుగడుగులు నడిపించాడు. రీమ్ అతని భుజం మీద మూతి ఆనించి నిలబడింది. అది బతుకుతుందని మాత్రం చెప్పాడు.

నాసర్ అప్పుడొచ్చాడు. పాతికేళ్ళ మనిషి, కళ్ళు వాచి ఉన్నాయి, ఏడ్చాడని తెలుస్తోంది. నేరుగా మస్తాన్ ముందు నిలబడి అడిగాడు. బస్సు పన్నెండున్నరకొచ్చింది, నువ్వెందుకు రాలేదు? ఎటు నుంచి వచ్చావు? ఎవరు చెప్పారు ఆ దారిన రమ్మని? మా అన్నేనా? పిల్ల చచ్చేదాకా ఆగి రమ్మన్నాడా?

నేను మధ్యలోకి వెళ్ళాను. "మీ అన్నకు ఏ సంబంధమూ లేదు. ఆ దారిన తెచ్చింది నేను. కల్హాత్ చూడాలని తెచ్చాను. ఆలస్యం నాది" అన్నాను. నాకొచ్చిన హిందీలో, ఇంగ్లీషులో, బండి బాడుగ ఎంతయిందో కూడా కలిపి మళ్ళీ మళ్ళీ చెప్పాను.

నాసర్ నా వైపు తిరిగాడు. "ఇరవై ఐదు రియాళ్ళు ఖర్చుపెట్టి, ఈనే గుర్రాన్ని వదిలేసి, పడిపోయిన రాళ్ళు చూడటానికి ఎవరైనా వస్తారా సార్? మా అన్న మీకెంత ఇచ్చాడు?" అన్నాడు.

ఎంత చెప్పినా నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? వినడానికి నాకే అబద్ధంలా ఉంది. పొద్దున్నే ఇద్దరూ ఊరు విడిచి వెళ్ళమన్నాడు. మేం చేరకముందే అన్నకు ఫోను చేసి తిట్టాడని, అన్న కూడా ఊరుకోలేదని కోయ చెప్పాడు. మూడు నెలలకు కలిసిన మాటలు మూడు రోజులు నిలవలేదు.

శుక్రవారం ఉదయం ఆరు గంటల బస్సెక్కాం. సూర్ నుంచి అల్ కామిల్, బిదియా, ఇబ్రా, నున్నటి తారు రోడ్డు మీద బస్సు నీళ్ళ మీద పడవలా పోయింది. బిదియా దగ్గర ఇసుకలో ఎవరో గుర్రాలను నడిపిస్తున్నారు. మస్తాన్ కిటికీ పక్కన కూర్చుని వాటికేసి తల తిప్పలేదు. ఇబ్రా దాటాక నేను ఆగలేకపోయాను.

"మస్తాన్ భాయ్, నీకు అబద్ధం చెప్పాను. తొందరగా చేరే దారి ఇదే. నిన్న ఈ బస్సులో వస్తే పన్నెండున్నరకు అక్కడుండేవాడివి. నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

"నాకూ తెల్సు సార్."

"ఎప్పుడు తెలిసింది?"

"కురియాత్‌లోనే. నువ్వు టీ తాగతాంటే సాలిం జెప్పినాడు. అప్పుడైనా ఎనక్కి పోయి బస్సెక్కితే సాయంత్రానికి గానీ చేరం, ఇట్లనే యాడా ఆగకుండా పోతే మూడుకల్లా సూర్‌లో ఉంటామన్యాడు."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా? కల్హాత్‌లో ఆపొద్దని ఒక్క మాట అంటే ఆపేవాణ్ణా? తిట్టి ఉండాల్సింది నన్ను!" బస్సులో నలుగురు తిరిగి చూశారు. నాకు నిజంగానే అతని మీద కోపం వచ్చింది. ఆ క్షణంలో కూడా నా కోపం వెళ్ళి అతని మీదే పడింది చూడండి.

మస్తాన్, నన్ను నొప్పించకుండా ఎట్లా చెప్పాలా అని వెతుక్కుంటున్నట్టు, మెల్లగా అన్నాడు.

"కాగితం నువ్వు రాసినావు గదా సార్. బాడుగా నువ్వే ఇచ్చినావు. ఎట్లనేది?"

మస్తాన్‌ను ఆ తరువాత నెల రోజులే చూశాను. గుర్రప్పిల్లను చంపించాడనే నింద తన మీదికి తెచ్చినందుకు హమద్ అతని వీసా రద్దు చేసి కడప పంపేశాడు. పదకొండేళ్ళ పని ఒక సంతకంతో పోయింది. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను, ఆ బాడుగ మాత్రం అతను నన్ను ఇవ్వనివ్వలేదు. రాజులను తిట్టడం నాకు ముందునుంచీ అలవాటు. సింహాసనం కోసం ఊళ్ళకు ఊళ్ళు తొక్కించారని, మూగజీవాలను ఓడల్లో కుక్కి చంపారని క్లాసులో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి, ఇప్పటికీ చెబుతాను, అందులో మార్పు లేదు. కానీ నా బతుకులో నా చేతికి చిక్కిన అధికారమల్లా రెండు పేరాల ఉత్తరం, ఇరవై ఐదు రియాళ్ళు. అంత చిన్నదాన్ని కూడా నేను ఒక మనిషి నోరు మూయించడానికి వాడుకున్నాను, అతనికి ఉపకారం చేస్తున్నాననుకుంటూ. హమద్‌కు, నాసర్‌కు కనీసం తండ్రి పోయిన దుఃఖం ఉంది, నాకు అదీ లేదు. నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ మాటను ఇన్నేళ్ళూ ఎక్కడా వాడలేదు. ఇవాళ ఇక్కడ రాసింది అతని కోపంగా చదవండి, నా సేకరణగా కాదు.

ఇక వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఇప్పుడు ఒడ్డు వెంబడి మంచి తారు రోడ్డు పడింది, మస్కట్ నుంచి రెండు గంటల్లో కల్హాత్ చేరతారు, శిథిలాల దగ్గరికి వెళ్ళనిస్తున్నారో లేదో ముందే కనుక్కోండి, నీళ్ళు, టోపీ, బూట్లు తీసుకెళ్ళండి. బండిలో మీతోపాటు అవతలి ఊళ్ళో పనున్న మనిషి ఎవరైనా ఉంటే మాత్రం, ముందు ఆ మనిషిని దించి రండి. ఆ రాళ్ళు ఏడు వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి.